రెండు డబ్బాలు, రెండు పొయ్యిలు

2024 జూన్ 16, ఆదివారం సాయంత్రం ఆరున్నరకు, సూరత్ డిండోలిలోని మా పూల్ పార్లర్‌లో మా ఆడబిడ్డ పద్మారాణి బ్రేక్ కొట్టింది. నల్ల బాల్ ఎడమ మూల పాకెట్‌లో పడింది. తెల్ల బాల్ టేబుల్ మీద ఆగింది. ఆ ఒక్క దెబ్బతో డబ్బాలో ఉన్న ఇరవై మూడు వేల నాలుగు వందల రూపాయలు ఒకరికి ఇచ్చెయ్యాలి. ఎవరికి ఇవ్వాలో గదిలో ఉన్న వాళ్లెవరికీ తెలియలేదు. డబ్బా నడిపేది నేను. నాకూ ఆ క్షణం తెలియలేదు.

చీటీలో వచ్చిన పేరు పద్మారాణిది కాదు. కమలాకర్‌ది. ఇక్కడ మగ్గం నడిపే కమలాకర్ అప్పుడు జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో ఉన్నాడు.

మాది మొదటి అంతస్తు. కింద చీరలు మడతపెట్టే కార్ఖానా, పైన మా రెండు టేబుళ్లు, వాటి వెనక మేం ఉండే ఒక్క గది. మా ఆయన రాజమౌళి పల్సానాలో మగ్గాలు బాగుచేసే మాస్టర్. పార్లర్ నేను చూస్తాను. ఆ ఏడాది మొదట్లోనే గుడ్డకు గిరాకీ తగ్గి శేఠ్‌లు వారానికి రెండు రోజులు మగ్గాలు ఆపారు. పని లేని వాళ్లు మా దగ్గరికి వచ్చి ఫ్యాన్ కింద కూర్చునేవాళ్లు. గంటకు నూట ఇరవై పెట్టి ఆడేవాళ్లు మాత్రం కాదు. కిరాయి రెండు నెలలది ఆగింది. అప్పుడు ఆదివారం టోర్నమెంటు మొదలుపెట్టాను.

మార్చి మొదటి ఆదివారం కౌంటర్ మీద రెండు స్టీలు డబ్బాలు పెట్టాను. మొదట వచ్చినవాడు మల్లేష్. డిండోలిలోనే మగ్గం నడుపుతాడు, నన్ను అక్కా అంటాడు. ఏదీ అడక్కుండా ఒప్పుకోడు.

"ఎంట్రీ రెండు వందలు దేనికక్కా?"

"యాభై టేబుల్‌కు, కరెంటుకు. అది నాది. నూట యాభై బహుమతికి. పదహారు మంది వస్తే ఇరవై నాలుగు వందలయితది. గెలిచినోళ్లకు పదహారు వందలు. ఫైనల్ల ఓడినోళ్లకు ఎనిమిది వందలు."

"మరి ఈ రెండో డబ్బా?"

"అది బ్రేక్ డబ్బా. ఇష్టముంటేనే ఎయ్యి. వంద."

"ఏస్తే ఏమొస్తది?"

"ఏసినోళ్ల పేర్లు చీటీల మీద రాస్త. సెమీఫైనల్ ముంగట ఒక్క చీటీ తీస్తం. ఆ పేరున్నోళ్లకు ఒక్క బ్రేక్. ఆ దెబ్బకు నల్ల బాల్ పాకెట్ల పడి, తెల్లది పడకుంటే డబ్బా మొత్తం వాళ్లది. పడకపోతే పైసలు డబ్బాలనే ఉంటయ్. వచ్చే ఆదివారం ఇంకింత పెరుగుతది."

పూల్ ఆటలో పదిహేను బాల్స్‌ను త్రికోణంగా పేర్చి మొదటి దెబ్బతో చెదరగొడతారు. అదే బ్రేక్. నల్ల బాల్ ఆ పేర్పు మధ్యలో ఉంటుంది. ఆటలో దాన్ని అన్నిటికంటే చివర వెయ్యాలి. మొదటి దెబ్బకే అది పడటం మా పార్లర్‌లో అప్పటికి ఎవరూ చూడలేదు.

"వంద ఎయ్యకుండ టోర్నమెంట్ ఆడొచ్చునా?"

"ఆడొచ్చు. గెలవొచ్చు. బహుమతి తీస్కపోవచ్చు. ఈ డబ్బా దిక్కు మాత్రం చూడొద్దు."

మల్లేష్ రెండు డబ్బాలనూ ఎత్తి అడుగున చూశాడు. "మరి చీటీల బావ పేరొస్తే?"

"మీ బావకు స్టిక్ ఏ కొస పట్టాల్నో తెల్వదు."

"ఆయనకు తెల్వదు. పద్మకు తెలుసు గద."

పద్మారాణి కిటికీ దగ్గర కూర్చుని చీరలకు దారాలు కత్తిరిస్తోంది. మా ఆయన చెల్లెలు, ఇరవై రెండేళ్లు, సూరత్‌లోనే పుట్టింది. చీరకింత అని కూలి. మధ్యాహ్నం టేబుళ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆడుకుని నేర్చుకుంది. పందెం లేకుండా ఆడితే మల్లేష్ మీద నాలుగు ఆటల్లో రెండు గెలిచేది.

అప్పటికి కౌంటర్ చుట్టూ చేరిన ఇరవై మొహాలను చూస్తే ఒక సంగతి అర్థమైంది. డబ్బా నడిపే ఇంట్లో వాళ్లకు ఆ డబ్బా వస్తే మరుసటి ఆదివారం ఒక్కరూ మెట్లెక్కరు. ఆదివారాలు పోతే పార్లర్ మూతే.

"మా ఇంటోళ్లు డబ్బాల ఎయ్యరు" అన్నాను. "టోర్నమెంట్ల పేరు గూడ రాసుకోరు."

"ఇంటోళ్లంటే ఎవలెవలు బిడ్డా?" అని లింగమూర్తి కాక అడిగాడు. వాళ్లందరిలో పెద్దవాడు, మగ్గం మీద ముప్పై ఏళ్లు చేశాడు. "లెక్క తీస్తే గీడ సగం మంది మీకు ఏదో ఒక వరుస అయితరు."

"నా పొయ్యి మీద వండింది తినేటోళ్లు. అంతే."

అదే మాట చాక్‌పీసుతో బోర్డు మీద రాశాను. పద్మారాణి తల ఎత్తలేదు. ఇంకో చీర తీసుకుంది.

*

ఏప్రిల్‌లో ఒక ఆదివారం లింగమూర్తి కాక ఆట మొదలుకాక ముందే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, డబ్బాల ఎంతయింది?"

"తొమ్మిది వేలు దాటింది కాకా."

"నాకు జర అవసరమున్నది. బిడ్డ కాలేజీ ఫీజు. రెండు వేలు ఇడిసి పాట పాడ్త."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకున్నాను. మా వాళ్లు డిండోలిలో చిట్టీలు కడతారు. నెలనెలా అందరూ వేస్తారు, అవసరమున్నవాడు కొంత వదులుకుని పాట పాడి మొత్తం ఎత్తుకుంటాడు, మిగతా వాళ్లు ఆ వదులుకున్నది పంచుకుంటారు. ఎప్పటికైనా అందరి వంతూ వస్తుంది. వారం వారం వంద వేస్తున్నాడు కాబట్టి ఇదీ చిట్టీయే అనుకున్నాడు కాక.

"ఇది చిట్టీ కాదు కాకా. పాట లేదు. వంతు లేదు. నల్ల బాల్ పడితేనే."

"పడకపోతే?"

"పడదు. ఉంటది."

"ఎన్నొద్దులు?"

"పడేదాక."

కాక డబ్బా వైపు చూశాడు. "అంటే నేను ఏసిన పైసలు నాకు రాకపోవచ్చునా?"

"రాకపోవచ్చు."

"గిదేం చిట్టీ మరి?"

వెనక నుంచి మల్లేష్ అందుకున్నాడు. "కాకా, చిట్టీ కాదని గంట సంది చెప్తున్నది అక్క. నీకు పాట గావాల్నంటే పాడు, మేం వింటం."

"నువ్వు నోరు ముయ్యిరా. నీకు పదిహేను బాల్స్ల ఏది నల్లదో దొరుకుతలేదు."

ఆ రోజు కాక వంద వెయ్యలేదు. మరుసటి ఆదివారం వేశాడు. ఎందుకు వేశావంటే, అందరి పేర్లున్న చోట తన పేరు లేకపోతే బాగుండదన్నాడు. చిట్టీ కాదని నేను ఎంత చెప్పినా వాళ్లలో సగం మంది మనసులో అది చిట్టీగానే ఉండిపోయింది. టోర్నమెంటు ఆడనివాడు కూడా వచ్చి తన వంద వేసేవాడు. మే చివరికి డబ్బా నేనొక్కదాన్నే ఎత్తి పక్కన పెట్టడం మానేశాను. ఎత్తేముందు ఎవరినో ఒకరిని పిలిచి చూడమనేదాన్ని.

*

జూన్ రెండో వారంలో కమలాకర్ వచ్చాడు. ఊళ్లో అన్న ఇంటికి స్లాబ్ పోస్తున్నారు, పది రోజులు వెళ్లాలి. మూడు నెలల్లో ఒక్క ఆదివారం కూడా మానని వాడు. మూడు వందలు కౌంటర్ మీద పెట్టాడు.

"అక్కా, ఈ ఆదివారం నా తాన బద్లీ ఆడ్తది."

"ఎవరు?"

"పద్మ చెల్లె."

మగ్గం మనిషి ఊరికి వెళ్లేటప్పుడు తన మగ్గాల మీద ఇంకొకరిని పెట్టి వెళతాడు. ఆ మనిషే బద్లీ. ఆ రోజుల్లో నేసిన గుడ్డకు కూలి బద్లీ తీసుకుంటాడు. వెళ్లినవాడు తిరిగి రాగానే మగ్గాలు వదిలి లేస్తాడు. సూరత్‌లో ఏ శేఠ్‌కూ దీన్ని విడమరిచి చెప్పనవసరం లేదు.

"మా ఇంటి పిల్ల గదా" అన్నాను.

"ఆడేది ఆమె. పేరు నాది. మగ్గం మీద గట్లనే గద?"

టేబుల్ దగ్గర ఉన్న వాళ్లను అడిగాను. ఎవరికైనా అభ్యంతరమా అని పేరు పేరునా అడిగాను. లింగమూర్తి కాక తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

"బద్లీకి ఇల్లెక్కడిది బిడ్డా? బద్లీకి మగ్గం నంబరే ఉంటది."

మల్లేష్ కూడా సరేనన్నాడు. "ఆడనీ. ఓడగొడ్తే కమలాకర్‌నే ఓడగొట్టిన అని చెప్పుకుంట."

"అరే మల్లేషన్నా" అని కిటికీ దగ్గర నుంచి పద్మారాణి అంది, "ముందుగాల నాతోటి గెలువు. తర్వాత ఎవరి పేరన్న చెప్పుకో, చాల్‌సే, నడుస్తది."

నేను బోర్డు మీద 'కమలాకర్' అని రాసి, కింద చిన్నగా 'బద్లీ' అని రాశాను. ఆడటానికి బద్లీ ఉంటాడు, అందరం ఒప్పుకున్నాం. రెండో డబ్బాకు కూడా బద్లీ ఉంటాడా అని ఎవరూ అడగలేదు.

*

పదహారో తేదీ పద్మారాణి మొదటి రెండు ఆటలూ గెలిచింది. మా ఆయన గోడకు ఆనుకుని చూస్తున్నాడు. ఆరున్నరకు చీటీల గిన్నె లింగమూర్తి కాక ముందు పెట్టాను. కాక తీసి నాకు ఇచ్చాడు. కమలాకర్.

"బద్లీ!" అని ఎవరో అరిచారు. నవ్వారు.

పద్మారాణి స్టిక్ కొసకు చాక్ రుద్దింది. తెల్ల బాల్‌ను మధ్యలో పెట్టలేదు, కొంచెం కుడికి జరిపింది. కొట్టింది. బాల్స్ చెదిరి అంచులకు తగిలి వెనక్కి వచ్చాయి. నల్లది మెల్లగా ఎడమ మూలకు వెళ్లి పాకెట్ అంచు మీద ఒక్క క్షణం ఆగి పడింది. తెల్లది టేబుల్ మధ్య నిలిచింది.

ముందు అరుపులు. కింద కార్ఖానా వాళ్లు ఏమైందోనని పైకి వచ్చారు. మా ఆయన చెల్లెల్ని భుజాలు పట్టి ఊపాడు. తర్వాత ఒక్కొక్కరూ డబ్బా వైపు తిరిగారు. తర్వాత నా వైపు.

మల్లేష్ ముందు మాట్లాడాడు. "అక్కా, తప్పుగ అనుకోకు. ఇంటోళ్లు ఎయ్యొద్దని బోర్డు మీద నువ్వే రాసినవ్. ఈమె మీ ఇంటి మనిషే గద. దెబ్బ చెల్లదు. పైసలు డబ్బాలనే ఉండాలె."

"ఎట్ల చెల్లదు?" అన్నాడు మా ఆయన. "కొట్టిన చెయ్యి ఎవరిది? మగ్గం మీద బద్లీ నేస్తే కూలి ఎవరికి ఇస్తరు? ఊళ్లె కూసున్నోనికి పంపుతరా?"

"గది కూలి బావా. గిది కూలి కాదు."

"మరేంది?"

"చిట్టీ" అన్నాడు లింగమూర్తి కాక. "చిట్టీ ఎవని పేరు మీద ఉంటే వానికే."

"కాకా, చిట్టీ కాదని..."

"కాకపోతే ఏందో మీ అక్కనే చెప్పమను."

గదిలో ముగ్గురు మూడు మాటలన్నారు. మిగతా వాళ్లు వాటి వెనక చేరారు. మా ఆయన మాట నెగ్గితే డబ్బు నా గదిలోకి వస్తుంది. మల్లేష్ మాట నెగ్గితే ఊళ్లో ఉన్న మనిషికి మేం అందరం కలిసి అన్యాయం చేసినట్టు. పద్మారాణి స్టిక్ నిలబెట్టి పట్టుకుని నా మొహం చూస్తోంది. నేను కౌంటర్ ఇవతలికి వచ్చాను.

"ముందుగాల ఒకటి. బద్లీ ఆడొచ్చునా అని అందరిని అడిగిన. అందరు సై అన్నరు. మల్లేష్, నువ్వు గూడ అన్నవ్. దెబ్బ చెల్లుతది."

మల్లేష్ తల ఊపాడు.

"రెండోది. ఎంట్రీ పైసలు ఆటకు. ఆడి గెలిచినోళ్లకు ఆ బహుమతి పోతది. అది మగ్గం కూలి లెక్క. ఇయ్యాల పద్మ ఏం గెలిచినా అది పద్మదే. ఈ డబ్బా ఆటకు కాదు. పేరు మీద వంద ఏస్తరు, పేరు మీద చీటీ వస్తది. పేరు కమలాకర్‌ది. వంద ఏసింది కమలాకర్. డబ్బా కమలాకర్‌దే."

"మొత్తమా?" అన్నాడు మా ఆయన.

"మొత్తం."

డబ్బాకు తాళం వేసి తాళంచెవి లింగమూర్తి కాక చేతిలో పెట్టాను. కమలాకర్ వచ్చి అందరి ముందూ తెరవాలన్నాను.

పద్మారాణి గొంతు సవరించుకుంది.

"మరి సెమీఫైనల్ ఆడాల్నా, వద్దా వదినా?"

"ఆడు. అది నీది."

ఆడింది. గెలిచింది. ఫైనల్లో మల్లేష్ చేతిలో ఓడింది. ఎంట్రీ డబ్బాలోంచి ఎనిమిది వందలు తీసి ఇచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టి జేబులో పెట్టుకుంది.

*

ఇంట్లోకి రాగానే మా ఆయన చొక్కా విప్పి తీగ మీద వేశాడు. "ఇంట్లకు వచ్చిన పైసలు గడప దాటిచ్చినవ్."

"ఇంట్లకు రానే రాలేదు."

"నా చెల్లె కొట్టింది."

"కొట్టింది. నీ చెల్లె వంద ఎయ్యలేదు."

"ఎయ్యనిచ్చినవా?"

ఫోన్ తీసి కమలాకర్‌కు చేశాను. స్లాబ్ పని మధ్యలో ఉన్నాడు, మిషన్ చప్పుడు వినిపిస్తోంది. చెప్పింది రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"నల్లది పడ్డదా? ఒట్టా? నేను లేనప్పుడే పడాల్నా అక్కా!"

"నీ పేరు మీదనే పడ్డది. పైసలు నీయి."

"బద్లీ నేసింది గద అక్కా. చెల్లెకు ఇచ్చెయ్."

"ఫోన్ల ఇచ్చుడు, తీసుకొనుడు లేదు. వచ్చి అందరి ముంగట నీ చేతిల పట్టుకో. తర్వాత నీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాక పద్మారాణి అడిగింది, "నాకు ఇస్తా అంటే ఏమైతది?"

"నీకిస్తే ఈ పొయ్యి దగ్గరికి వచ్చినట్టే. మల్లేష్ అంటడు. మల్లేష్ అనకుంటే ఇంకొకలు అంటరు. పార్లర్ పోతది."

"బరాబర్" అంది. పళ్లెం కడిగి బోర్లించి పడుకుంది.

బుధవారం సాయంత్రం నేను కూరగాయలు తీసుకుని వచ్చేసరికి గదిలో రెండో పొయ్యి ఉంది. ఒంటి బర్నర్ స్టవ్, చిన్న సిలిండర్. బీరువాకూ గోడకూ మధ్య, ఆమె చాప వేసుకునే చోట పెట్టింది. పక్కన కొత్త గిన్నె, గరిటె, అయిదు కిలోల బియ్యం సంచి.

"ఏందిది?"

"నా పొయ్యి. స్టవ్ ఆ ఎనిమిది వందలతోటి. సిలిండర్ దారాల కూలితోటి."

"నాకంటె మంచిగ వండుతవా ఏంది?"

"వండ రాదు. నేర్చుకుంట." సంచి మూతి ముడి వేసింది. "కోపం లేదు వదినా. నువ్వు చెప్పింది బరాబరే. నీ పొయ్యి మీద తింటే నా పేరు రాయవు. నువ్వే బోర్డు మీద రాసినవ్. మూడు నెలల సంది కిటికీ కాడ దారాలు కత్తిరిస్తున్న. మల్లేషన్న గలత్ షాట్లు కొడ్తుంటే చూస్తున్న. నాతోని అయితలేదు ఇంక."

మా ఆయన అప్పుడే వచ్చాడు. రెండు పొయ్యిలనూ చూసి చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు.

"ఒక్క గదిల రెండు పొయ్యిలా? జనం నవ్వుతరు."

"నవ్వనీ అన్నా. డిండోలిల ఒక్క గదిల నాలుగు పొయ్యిలు ఉన్నయ్. ఎవరన్న నవ్వుతున్నరా?"

"గది నాది" అన్నాడు. గట్టిగా అనలేదు.

"కిరాయిల నా వంతు ఇస్త. హిసాబ్ చెప్పు."

నా ఉప్పు డబ్బా ఆమె వైపు జరిపాను. వద్దని వెనక్కి జరిపి, కిందికి దిగి దుకాణంలో ఉప్పు ప్యాకెట్ తెచ్చుకుంది.

*

గురువారానికి సంగతి రెండు టేబుళ్ల దగ్గరా తెలిసింది. మల్లేష్ వచ్చాడు.

"అక్కా, తప్పుగ అనుకోకు."

"నువ్వు ఆ మాట అంటే తప్పే చెప్తవ్. చెప్పు."

"పొయ్యి వేరు అంటున్నరు. పెట్టుడు వేరు, తినుడు వేరు. జర చూడాలె."

"చూడు. కాకను తోలుకరా."

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. నా పొయ్యి మీద పప్పు ఉంది. ఆమె పొయ్యి మీద అన్నం, పక్కన పచ్చిపులుసు. పద్మారాణి రెండు పళ్లేలు పెట్టింది. కాక కూర్చుని సిలిండర్ గొట్టం నుంచి గిన్నె మూత దాకా చూశాడు. తర్వాత కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నీళ్లు తాగాడు. రెండో ముద్ద పెట్టుకోలేదు.

"ఎట్లున్నది కాకా?" అంది పద్మారాణి.

కాక నన్ను చూపిస్తూ మల్లేష్ వైపు తిరిగాడు. "అనురాధ చేతి వంట నేను నాలుగేండ్ల సంది పండుగలకు తింటున్న. గిది ఆమె చెయ్యి కాదు. గింత ఉప్పు ఆమె ఎన్నడు ఎయ్యలే. పొయ్యి వేరే."

మల్లేష్ ముద్ద చేత్తో పట్టుకుని ఉన్నాడు. పెట్టుకుని చూశాడు. "వేరే" అన్నాడు.

పద్మారాణి కూడా రుచి చూసింది. ఇంకో గ్లాసు నీళ్లు వాళ్ల మధ్య పెట్టింది.

*

కమలాకర్ శనివారం ఉధ్నాలో రైలు దిగాడు. ఆదివారం, జూన్ 23, నాలుగు గంటలకు లింగమూర్తి కాక తాళంచెవి అతని చేతికిచ్చాడు. కమలాకర్ డబ్బా తెరిచి నోట్లు టేబుల్ అంచు మీద పేర్చి లెక్కపెట్టాడు. ఇరవై మూడు వేల నాలుగు వందలు. అందరూ చూశారు. డబ్బు జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. అయిదు వేలు వేరు చేశాడు.

"పద్మ చెల్లె, గిటు రా. మగ్గం మీద అయితే బద్లీకి మొత్తం కూలి పోతది. గిది మగ్గం కాదని అక్క చెప్పింది. అందుకే మొత్తం ఇస్తలేను. గిది నాకు తోచింది."

పద్మారాణి కదలలేదు. గదిలో వాళ్లు మళ్లీ నా వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తరు?" అన్నాను. "ఆమె పొయ్యి వేరు. మీరే తిని పోయిండ్రు."

"తిన్నం" అన్నాడు కాక. "శుక్రవారం సంది నీళ్లు తాగుతనే ఉన్న."

నవ్వులు ఆగేదాకా కమలాకర్ చెయ్యి చాపే ఉంచాడు. పద్మారాణి తీసుకుంది. అందులోంచి మూడు వందలు తీసి కౌంటర్ దగ్గరికి వచ్చింది. రెండు వందలు ఒక డబ్బాలో వేసింది. వంద రెండో డబ్బాలో వేసింది.

"పేరు రాయి వదినా."

మల్లేష్‌ను చూశాను. "రాయక్కా" అన్నాడు. "ఫస్ట్ ఆట నాతోటి ఎయ్యి."

బోర్డు మీద పదహారో పేరు పద్మారాణి అని రాశాను. కింద ఇంకేమీ రాయలేదు.

మొదటి ఆటలో ఆమె మల్లేష్‌ను ఓడించింది. రెండో ఆటలో కమలాకర్ చేతిలో ఓడిపోయింది. ఆరున్నరకు చీటీ తీస్తే లింగమూర్తి కాక పేరు వచ్చింది. కాక గట్టిగా కొట్టాడు. నల్ల బాల్ ఉన్నచోటి నుంచి జానెడు జరిగి ఆగింది. డబ్బాలో పదహారు వందలు మిగిలాయి.

"ఇంకెన్నొద్దులు బిడ్డా?" అన్నాడు కాక.

"పడేదాక కాకా."

ఏడున్నరకు పార్లర్ మూసి గదిలోకి వచ్చాం. పద్మారాణి తన పొయ్యి మీద అన్నం, టమాట తొక్కు చేసుకుంది. నేను నా పొయ్యి మీద చపాతీలు చేశాను. మా ఆయన రెండు చోట్లా తిన్నాడు.